మాస్టారు భుజం దించిన రోజు

నాకు జరిగిన అన్యాయాలను ముందుగా కాలక్రమంలో ఉంచుతున్నాను.

1997, ఆషాఢం. ఇరవై ఏళ్ళు ఎవరి వెనక నడిచానో ఆ మనిషి మేళం విడిచి వెళ్ళిపోతూ నాతో ఒక్క మాట చెప్పలేదు.

1997, కార్తీకం. ఆయనను వెళ్ళగొట్టింది నేనేనని రామచంద్రపురం దగ్గర ఒక పెళ్ళిలో, భోజనాల వేళ, అందరికీ వినబడేలా అన్నారు. అన్నవాడు పెళ్ళికొడుకు మేనమామ. నేను విస్తరి ముందునుంచి లేచాను.

1998, శ్రావణం. రాజమండ్రిలో ఒక సంగీత సభ గుమ్మం దగ్గర నా చేతిలోని పెట్టెను చూసి, "ఇవాళ ఊరేగింపు లేదండీ" అన్నారు.

2007, ఉగాది. అదే సభవారు ఆయనకు సన్మానం చేసి ఒక సంచిక అచ్చువేశారు. అందులో ఆయన "బ్యాండు మేళపు రొదలో ఇరవై ఏళ్ళు మగ్గి, తోటి వాద్యగాని అసూయను భరించలేక బయటపడ్డారు" అని ఉంది. ఆ తోటి వాద్యగాడెవరో వ్రాయలేదు. ఆయన పక్కన ఇరవై ఏళ్ళు మోగిన క్లారినెట్టు ఒక్కటే. అది నాది.

దీనిమీద సభ కార్యదర్శిగారికి రెండు ఉత్తరాలు వ్రాశాను. నకళ్ళు నా దగ్గర ఉన్నాయి. జవాబు రాలేదు. టెలిఫోను చేస్తే, "పెద్దవారు, పోనిద్దురూ" అన్నారు. పోనివ్వదలచుకోలేదు. అయితే సంచికవారి మీద కోపంతోనే ఇది వ్రాయడం లేదు. ఇప్పుడు స్పీకరు పెట్టెల బండి వెనక కోట్లు వేసుకుని నడుస్తున్న చిన్నవాళ్ళకు, ఒకప్పుడు ఈ పని ఎలా జరిగేదో, అందులో ఎంత భయం ఉండేదో తెలియాలని వ్రాస్తున్నాను.

గోదావరికి రెండు పక్కలా మా బ్యాండు మేళం పేరు తెలియని ఊరు అప్పట్లో లేదు. పురోహితుడు మూడు ముహూర్తాలు చెబితే, ఆడపెళ్ళివారు ముందు మా మేళం ఏ రోజున ఖాళీయో కనుక్కుని, ఆ తరువాతే శుభలేఖలు వేయించుకునేవారు. ఎర్రకోటు, భుజాలమీద బంగారు దారం కుచ్చులు, తెల్ల బూట్లు. ముందు వరుసలో మాస్టారు. ఆయన క్లారినెట్టు ఎత్తితే మేడలమీద ఆడవాళ్ళు పిట్టగోడల దగ్గరకు వచ్చేవారు. ఆయన వెనక, ఎడమ పక్కన, అడుగు దూరంలో రెండో క్లారినెట్టు నేను. మేడలమీది వాళ్ళకు నేను కనబడను. కనబడకుండా ఉండడమే నా ఉద్యోగం.

అది ఎలాగో చెబుతాను. ఊరేగింపులో పాట తెగకూడదు. తెగితే ఆడేవాడి అడుగు ఆగుతుంది, పల్లకీ మోసేవాడి నడక చెడుతుంది. నడుస్తూ ఊదే మనిషి మాత్రం ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకోక తప్పదు. మాస్టారికి ఊపిరి కావలసినప్పుడు ఎడమ భుజం కొద్దిగా దించేవారు. కుచ్చు కదిలిందా లేదా అన్నంత. ఆ క్షణంలో ఆయన ఏ స్వరం మీద ఉంటే ఆ స్వరాన్ని నేను అందుకునేవాణ్ణి. ఆయన పెదవులు వాద్యం మూతికి బిగించే రెల్లుబద్ద, అంటే రీడు మీదే ఉండేవి, వేళ్ళు ఆడుతూనే ఉండేవి, ఊదేది మాత్రం నేను. ఊపిరి నిండగానే భుజం లేచేది. నేను తప్పుకునేవాణ్ణి. మా భాషలో దీన్ని "అందుకోవడం" అనేవాళ్ళం. రెండు క్లారినెట్ల గొంతు ఒకటిగా ఉండడానికి ఆయన రీడూ నా రీడూ ఒకే డబ్బాలోంచి తీసి, ఒకే బ్లేడుతో నేనే గీకేవాణ్ణి.

జనం మాత్రం, గుడి దగ్గర మొదలుపెట్టి రేవు దాకా ఆయన ఊపిరి తీసుకోకుండా ఊదుతారని చెప్పుకునేవారు. ఒకసారి ఒక కరణంగారు మా పెద్ద డ్రమ్ము అతణ్ణి, "నిజం చెప్పవోయ్, మీ మాస్టారికి మూడు ఊపిరితిత్తులున్నాయటగా?" అని అడిగారు. డ్రమ్ము అతను నన్ను వరస కాకపోయినా బాబాయ్ అని పిలిచేవాడు. నోటికి అదుపు లేని మనిషి. "ఉన్నాయండీ ఆయ్. మూడోది మాత్రం మా బాబాయి ఛాతీలో దాచుకున్నారండి" అన్నాడు. కరణంగారు పెద్దగా నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. అంతకు మించిన నిజం మా మేళంలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదని అక్కడున్న మా ముగ్గురికీ తెలుసు.

తొంభై ఆరు తుపాను తరువాత మాస్టారికి జబ్బు చేసింది. కోనసీమలో చుట్టాల ఇంటికని వెళ్ళి నీళ్ళలో చిక్కుకున్నారు. తిరిగి వచ్చాక చాలా రోజులు మంచం దిగలేదు. మాఘమాసం ముహూర్తాలకు మళ్ళీ కోటు తొడిగారు. మనిషి సన్నబడ్డారు తప్ప పాట తగ్గలేదని అందరూ అన్నారు. అందరూ వినే చోట నేను లేను. నేను భుజాన్ని చూసే చోట ఉన్నాను. ఇదివరకు చరణానికి ఒకసారి దిగే భుజం ఇప్పుడు వరుసకు ఒకసారి దిగుతోంది. కొన్నాళ్ళకు వరుస మధ్యలో దిగింది. డాక్టరు కన్నా ముందు, ఆయన భార్య కన్నా ముందు, ఆయన ఊపిరి ఎంత మిగిలిందో నాకు తెలిసిపోతోంది. అది తెలిసినవాడికి నిద్ర ఎలా పడుతుంది? ప్రతి పెళ్ళికీ భయంతోనే వెళ్ళేవాణ్ణి. ఆయన మెడమీద చెమట చూస్తూ నడిచేవాణ్ణి. ఒకటి రెండుసార్లు, "మాస్టారూ, నాలుగు రోజులు మానేద్దామండీ" అన్నాను.

"మానేస్తే మళ్ళీ ఎవరు పిలుస్తారు తమ్ముడూ?" అన్నారు ఆయన. "నువ్వు వెనక ఉన్నావు కదా."

ఆ మాట అప్పుడు నాకు గౌరవంగా వినబడింది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. కాని పెద్దాపురం మరిడమ్మ జాతర ఉంటుంది. ఏటా మా మేళమే. గరగలు, అంటే అమ్మవారి అలంకరించిన కుండలు, నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ముందు ఆడుతూ నడుస్తారు, వెనక మేము. గరగ నెత్తిన ఉండగా మేళం ఆగకూడదని అక్కడి కట్టుబాటు. ఆగి, అడుగు తప్పి, గరగ జారితే ఆ ఊళ్ళో ఆ ఏడాది జరిగే ప్రతి చెడుకూ మేళమే పూచీ పడాలి. ఆ రోజు ఎండ మండుతోంది. పసుపునీళ్ళతో వీధి తడిసి ఉంది. జనం మమ్మల్ని నాలుగు వైపులా ఒత్తుతున్నారు. గుడికి పోయే వీధిలోకి మలుపు తిరిగాక మాస్టారి భుజం దిగింది. అందుకున్నాను.

భుజం లేవలేదు.

ఒక వరుస ఊదాను. రెండో వరుస ఊదాను. ఆయన వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి, పెదవులు రీడు మీదే ఉన్నాయి, చెవి వెనక చర్మం మాత్రం బూడిద రంగుకు తిరిగింది. అప్పుడు నాకొక విషయం తట్టింది. ఆయనకు ఊపిరి కావలసినప్పుడు నేనున్నాను. నాకు కావలసినప్పుడు ఆయన ఉండేవారు. ఇప్పుడు నా వెనక ఎవరూ లేరు. నేను ఆగితే గరగ ఆగుతుంది. ఆయన పడితే ఆ తొక్కిడిలో లేవరు. నా కళ్ళ ముందు వీధి సన్నగా అయిపోతూ ఉంది. ఇక ఛాతీలో ఏమీ లేదనుకున్న క్షణంలో, పెద్ద డ్రమ్ము పిడుగు పడ్డట్టు మోగింది. పాటలో లేని దెబ్బలు. డ్రమ్ము అతను పళ్ళు బిగించి, నా వైపే చూస్తూ, వీధి అదిరేలా వాయించాడు. ఆ మోతలో నేను ఊపిరి తీసుకున్నాను. జనం అది కొత్త విరుపు అనుకుని ఈలలు వేశారు. గుడి దాకా అలాగే వెళ్ళాం. నేను ఊదాను, అతను కప్పాడు, మాస్టారు వేళ్ళు ఆడించారు.

గుడి ముందు ఆయనను నలుగురు పైకి ఎత్తారు. మెడలో దండలు వేశారు. "ఊపిరంటే అది!" అని ఒకరు అరిచారు. కిందికి దించాక నేను ఆయన చంక కింద చెయ్యి వేసి పందిరి పక్కకు తీసుకుపోయాను. సోడా తాగించాను. కొంతసేపటికి రంగు తిరిగింది.

"నేను వాయించలేదని ఎవరికైనా తెలిసిందా?" అని అడిగారు.

"లేదండి."

"నిజం చెప్పు."

"ఒట్టండీ. ఒక్క ప్రాణికి కూడా తెలియలేదు."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశారు. "నీకు తెలిసింది కదా" అన్నారు.

ఆ తరువాత ఆయన మేళానికి రాలేదు.

మేళం సొంతదారు నన్ను ముందు వరుసలోకి తెచ్చాడు. మాస్టారి కోటే కుట్లు విప్పించి నాకు వేశాడు. నా వెనక ఒక రెండో క్లారినెట్టును పెట్టాడు. మంచివాడే, కాని భుజం చూడడం రాదు. పాట తెగేది. "మాస్టారు ఉన్నప్పుడు ఇలా ఉండేదా?" అనేవాళ్ళు. ఆయనది మూడు ఊపిరితిత్తుల ఊపిరి అని జనం అనుకున్నారు గనుక, ఆయన వెళ్ళిపోవడానికి జబ్బు కారణమని ఎవరికీ తోచలేదు. నా కోటును చూశారు. అసూయ అన్నారు. నేను నోరు విప్పితే, గరగ ముందు ఆయన ఉత్త వేళ్ళు ఆడించిన సంగతి బయటపడుతుంది. విప్పలేదు. ఈ సంగతి ఇప్పుడు వ్రాయడానికి కూడా, పైన చెప్పిన సంచికే నన్ను నెట్టింది.

కార్తీకంలో పెళ్ళివారు అన్న మాట తరువాత ఆయన ఇంటికి వెళ్ళాను. మాస్టారి భార్య గడపలో నిలబడి దారి ఇవ్వలేదు.

"ఆయన ఇంట్లో లేరండి" అన్నారు.

వెనక గదిలోంచి క్లారినెట్టు వినబడుతోంది. పాట కాదు. ఒక్క స్వరం. కొంత దూరం పోయి తెగుతుంది. చాలాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ అదే స్వరం, మళ్ళీ అక్కడే తెగుతుంది. ఇద్దరం వింటూ నిలబడ్డాం. ఆమె కళ్ళు తుడుచుకున్నారు.

"డాక్టరు ఊదొద్దన్నారండి. ఊదితే ఛాతీ ఏ రోజైనా ఆగిపోతుందన్నారు. ఈయన వినరు. ఒక్కడినే కూర్చుని కచేరీ చేస్తానంటారు. కూర్చుంటే నడిచే శ్రమ తగ్గుతుందట. ఊదితే పోతారు, ఊదకపోయినా పోతారు. నేను ఎవరికి చెప్పుకోను తమ్ముడుగారూ?"

"వదినగారూ, నేను ఒక్కసారి..."

"మీరైతే అసలు వద్దన్నారు. మీ ముఖం చూస్తే ఊపిరి అందదట."

"సరేనండి. లేని మనిషికి నేను వచ్చి వెళ్ళానని చెప్పండి" అని తిరిగి వచ్చాను. ఆ తెగిన స్వరం నా వెంట వీధి చివరి దాకా వచ్చింది.

మరుసటి శ్రావణంలో గోడపత్రికలు చూశాం. రాజమండ్రిలో ఆయన కచేరీ. పక్కన వయొలిన్, మృదంగం. రెండో క్లారినెట్టు లేదు. పత్రికను పైనుంచి కిందికి మళ్ళీ చదివాను. ఇరవై ఏళ్ళలో ఆయన ఏ చరణాన్నీ తనంత తాను ముగించలేదు. ముగించవలసిన అవసరం ఆయనకు రాలేదు. భుజం దించితే పాట నడిచిపోయేది. ఇప్పుడు రెండు గంటలు, దీపాల కింద, పెద్దవాళ్ళ ఎదుట, సగం ఛాతీతో.

డ్రమ్ము అతనూ నేనూ బస్సులో బయలుదేరాం. నా ఒళ్ళో క్లారినెట్టు పెట్టె ఉంది. బ్యాండు వాళ్ళకు ముక్కలు విప్పి మళ్ళీ బిగించే తీరిక ఉండదు గనుక, వాద్యం నిలువునా పట్టేలా వడ్రంగి చేత చేయించుకున్న పొడుగాటి పెట్టె.

"అదెందుకు బాబాయ్? కచేరీ ఆయనది."

"అలవాటు."

"అలవాటైతే నేనూ నా డ్రమ్ము తెచ్చేవాణ్ణి. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టి, ముందు సీట్లో ఆడవాళ్ళ పక్కన కూర్చోబెడతాడని మానేశాను."

నేను నవ్వలేదు. అతను కూడా నవ్వు మాని, కిటికీలోంచి చూస్తూ, "మాస్టారు పడిపోరు కదా?" అన్నాడు. నేను పెట్టెను ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కున్నాను. వంతెన కింద గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది.

గుమ్మం దగ్గర జరిగిన అవమానం పైన వ్రాశాను. అన్నవారు కార్యదర్శిగారే. డ్రమ్ము అతను, "ఊరేగింపు లేదని మాకూ తెలుసండి, ఉంటే మీరు మా వెనకుండేవారు" అన్నాడు. ఆ తరువాత మమ్మల్ని లోపలికి వదిలారు. మూడో వరుసలో, పక్కగా కూర్చున్నాం.

మాస్టారు వచ్చారు. పట్టు పంచె, భుజాన జరీ కండువా. కూర్చున్నారు. ఆయన కూర్చుని ఊదడం నేను ఎన్నడూ చూడలేదు. నడిచే కాళ్ళను ఎక్కడ పెట్టాలో తెలియక మఠం వేసుకుని, ఒక మోకాలిని చేత్తో నొక్కిపట్టారు. మోహన రాగం ఎత్తుకున్నారు. మెల్లగా, పెళ్ళిళ్ళలో ఆయన ఏనాడూ వాయించనంత మెల్లగా. స్వరం నిలిచింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. చిన్న చిన్న ముక్కలుగా, ఊపిరి ఎంత ఉంటే అంతే పొడుగున పాటను కోసుకుంటూ వెళుతున్నారు. ఆ వెనక గదిలో ఇన్నాళ్ళూ నేర్చుకున్నది ఇదా అనుకున్నాను. గంట గడిచింది. సభ కదలకుండా వింటోంది. నా వీపు తడిసిపోయింది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు, ఊదబోయే ముందు తడుపుకునే రీడు నా నాలుక మీద ఉంది.

ఇక ముగింపు దగ్గరపడింది. అలవాటైన పాత వేగం ఆయనను పట్టుకుంది. మోకాలు చేతికి లొంగకుండా కదిలింది. స్వరం పైకి పోయింది, ఇంకా పైకి పోయింది, పెద్దాపురం వీధిలో పోయినట్టు పోయింది. నాకు తెలుసు, అంత ఊపిరి ఆయన దగ్గర లేదు. మాస్టారు ఎడమ భుజం దించారు.

ఎవరూ అందుకోలేదు.

పాట తెగిన చోట, ఆ హాలంతా ఒక్కసారిగా బావిలా అయిపోయింది. వయొలిన్ ఆయన కమాను గాలిలో ఉంది. మృదంగం మీద చెయ్యి మృదంగాన్ని తాకలేదు. మాస్టారి వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. శబ్దం లేని క్లారినెట్టు మీద, నిండు సభలో, వేళ్ళు ఆడుతున్నాయి. చెవి వెనక బూడిద రంగు మూడో వరుసలోంచి కనబడుతోంది. డ్రమ్ము అతను కొట్టడానికి ఏదీ లేక, కుర్చీ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. నా బొటనవేలు నన్ను అడగకుండా పెట్టె గొళ్ళెం తీసింది.

టక్కుమంది. ఆ నిశ్శబ్దంలో అది వేదిక దాకా వినబడింది.

మాస్టారు కళ్ళు తెరిచారు. సూటిగా నన్ను చూశారు. నా చెయ్యి వాద్యం మీద ఉంది. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను. తరువాత ఆయన వేళ్ళు ఆగిపోయాయి. క్లారినెట్టు పెదవులనుంచి తీసి, అందరూ చూస్తుండగా, ముసలి మనిషిలా నోరు తెరిచి ఊపిరి పీల్చారు. ఆ చప్పుడు చివరి వరుస దాకా వినబడి ఉంటుంది. ఇరవై ఏళ్ళు నేను దాచిన చప్పుడు అది. ఆ మీదట తెగిన చోటికి పోకుండా, ఎక్కడో కింద స్థాయిలో, ఒక్క స్వరాన్ని పట్టుకుని మెల్లగా పైకి వచ్చారు.

సభ లేచి నిలబడింది. "మౌనాన్ని కూడా వాయించారండీ!" అన్నారు నా ముందు కూర్చున్న ఒక ఉపన్యాసకులుగారు, కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ. అక్కడినుంచి ఆయనకు కొత్త జీవితం మొదలైంది. ఆగి, ఊపిరి పీల్చి, మళ్ళీ ఎత్తుకునే ఆ పద్ధతికి ఒక బాణీ అని పేరు వచ్చింది. పై ఊళ్ళనుంచి పిలుపులు వచ్చాయి. దానిమీద వ్యాసాలు కూడా వ్రాశారట. ఆయన ఛాతీ డాక్టరు చెప్పినదానికన్నా చాలా ఏళ్ళు నిలిచింది, ఇప్పటికీ నిలిచి ఉంది. అందుకు నాకు సంతోషమే. సంతోషం వేరు, సంచికలో వ్రాసిన అబద్ధం వేరు.

ఆ సాయంత్రం వేదిక వెనక్కు వెళ్ళబోతే కార్యదర్శిగారు అడ్డం నిలబడ్డారు. ఆ తరువాత మాస్టారూ నేనూ ఒక్కసారే ఎదురుపడ్డాం, డ్రమ్ము అతని పెద్దకర్మ నాడు. పక్కకు పిలిచి, రాజమండ్రిలో భుజం దించిన సంగతి అడిగాను. "ఏంటి తమ్ముడూ, అదింకా గుర్తుందా నీకు?" అని నవ్వి, నా ఎడమ భుజం తట్టి, కారు ఎక్కారు. నోటిమాటను నవ్వుతో దాటవచ్చు. కాగితాన్ని అలా దాటలేరు.

అందుచేత, సంచికలోని ఆ వాక్యాన్ని సభవారు దిద్దినా దిద్దకపోయినా, వారిని ఇక నేను అడగదలచుకోలేదు. వారికి తెలియదు. జవాబు చెప్పగలవారు ఒక్కరే ఉన్నారు.

మాస్టారుగారికి:

రాజమండ్రి వేదిక మీద తమరు ఎడమ భుజం దించినప్పుడు, అది కేవలం అలవాటు చొప్పున జరిగిందా, లేక నేను ఆ హాలులో ఉన్నానని తెలిసి దించారా? గొళ్ళెం చప్పుడుకు కళ్ళు తెరిచి నన్ను చూసిన ఆ చూపుకు, అందుకో అని అర్థమా, వద్దు అని అర్థమా? అందుకో అనైతే, ఇరవై ఏళ్ళలో నేను అందుకోనిది అదొక్కటే. వద్దు అనైతే, నేను చేసిన ఉద్యోగం ఆ క్షణంతో పూర్తయింది. ఈ రెండింటిలో ఏది నిజమో తెలియకుండా ఆ పెట్టె గొళ్ళెం మళ్ళీ వేయడం నాకు చేతకాలేదు. అది ఈనాటికీ తీసే ఉంది.

దీనికి తమ స్వహస్తంతో, వ్రాతపూర్వకంగా, సంతకంతో జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఒక్క మాట చాలు. తీరిక చూసుకుని, మధ్యలో ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నా సరే, వ్రాయండి.